తలుపులున్న పుస్తకాలు

పిల్లల పుస్తకాల్లో ఏది మంచిదో తెలుసుకోవాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు. గ్రంథాలయంలో పిల్లల విభాగానికి వెళ్ళి, ఏ పుస్తకానికి సెల్లోటేపు ముక్కలు ఎక్కువగా అంటించి ఉన్నాయో చూస్తే చాలు. ఇల్ఫర్డ్‌లో క్లెమెంట్స్ రోడ్డు మీదున్న రెడ్‌బ్రిడ్జ్ సెంట్రల్ లైబ్రరీకి పిల్లల్ని తీసుకెళ్ళే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. తలుపు ఎత్తితే కుక్కపిల్ల కనిపించేవి, చీటీ లాగితే మొసలి నోరు తెరిచేవి, పేజీ తిప్పగానే కోట లేచి నిలబడేవి – ఇలాంటి పుస్తకాలే అన్నిటికన్నా ముందు చిరుగుతాయి. చిరిగినా సరే, పిల్లలు వాటినే మళ్ళీ మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటారు.

మేమిద్దరం మన తెలుగు బడిలో చిన్న తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాం. ఒకరిది అనంతపురం వైపు, ఒకరిది గుంటూరు వైపు. ఈ ఊరు వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఇండియా వెళ్ళినప్పుడల్లా సూట్‌కేసులో పచ్చళ్ళు తగ్గించి పుస్తకాలు తెచ్చుకునే కోవకు చెందినవాళ్ళం. అలా తెచ్చినవి ఒక రోజు తరగతిలో పరిచి, ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకోమన్నాం. పిల్లలు మర్యాదగా తీసుకున్నారు, మర్యాదగా తిరగేశారు, మర్యాదగా తిరిగిచ్చేశారు. మా పాప మాత్రం ఒక పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, తెలుగు బుక్స్‌కి డోర్స్ ఉండవా?" అని అడిగింది.

నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే అది చిన్న ప్రశ్న కాదనిపించింది. దానికి జవాబు వెతుకుతూ పోతే తెలిసిన సంగతులు, ఆ తర్వాత మా తరగతిలో జరిగిన పని – రెండూ ఈ సంచిక ద్వారా మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

మొదట పెద్దవాళ్ళ కోసమే

విచిత్రం ఏమిటంటే, కదిలే పుస్తకం పిల్లల కోసం పుట్టలేదు. ఇప్పటికి దాదాపు 775 ఏళ్ళ క్రితం, అంటే 1250 ప్రాంతంలో, లండన్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ మఠంలో మాథ్యూ పారిస్ అనే సన్యాసి ఉండేవాడు. ఆయన తన చరిత్ర గ్రంథంలో ఒక తిరిగే చక్రాన్ని అమర్చాడు. ఏ ఏడాది ఈస్టరు పండగ ఎప్పుడు వస్తుందో లెక్కకట్టడానికి అది పనికొచ్చేది. గుండ్రంగా రాసిన పట్టికను చదవాలంటే బరువైన పుస్తకాన్నే తిప్పాలి. దాని బదులు చక్రాన్ని తిప్పితే సరిపోతుంది కదా! మన పంచాంగం చూసే పెద్దలకు ఈ అవసరం వెంటనే అర్థమవుతుంది.

అదే శతాబ్దంలో మయోర్కా ద్వీపానికి చెందిన రామన్ లుల్ అనే పండితుడు ఒకదానిమీద ఒకటి తిరిగే చక్రాల మీద అక్షరాలు రాసి, వాటి కలయికలతో తత్వవిచారం చేశాడు. ఈ అక్షరాల చక్రాన్ని కాస్త గుర్తుంచుకోండి. తర్వాత మనకు పనికొస్తుంది.

1540లో జర్మనీలో పీటర్ ఏపియన్ గ్రహాల స్థానాలు తెలుసుకునేందుకు రంగురంగుల కాగితపు చక్రాలతో ఒక పెద్ద ఖగోళ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. 1570లో లండన్‌లోనే మరో వింత జరిగింది. యూక్లిడ్ రేఖాగణితం మొట్టమొదటిసారి ఇంగ్లీషులోకి వచ్చింది. అనువదించిన హెన్రీ బిల్లింగ్స్‌లీ ఒక వ్యాపారి. తర్వాతి కాలంలో లండన్ నగరానికి లార్డ్ మేయర్ కూడా అయ్యాడు. ఘనరూపాల గురించి చెప్పే భాగంలో, బొమ్మ గీసి ఊరుకోకుండా, కాగితపు త్రికోణాలు అంటించారు. వాటిని వేలితో పైకి లేపి దగ్గరకు చేరిస్తే పిరమిడ్ నిలబడుతుంది. లెక్కలంటే తలనొప్పి అనే మన పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. కదిలే బొమ్మ ఆటవస్తువే కాదు, అర్థం కానిది అర్థం చేయించే పనిముట్టు కూడా అని నాలుగున్నర శతాబ్దాల క్రితమే ఈ ఊళ్ళో ఒకరికి తట్టింది.

పిల్లల చేతికి వచ్చాక

పిల్లలను ఆకట్టుకునేలా వచ్చిన మొదటి కదిలే పుస్తకాలు 1765 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ సేయర్ అనే ప్రచురణకర్త అచ్చువేసినవి. ఒకే కాగితాన్ని మడతలు పెట్టి, పైకీ కిందికీ తెరుచుకునే రెక్కలుగా కత్తిరించేవారు. ఒక రెక్క ఎత్తితే బొమ్మ సగం మారిపోతుంది, రెండోది దించితే పూర్తిగా మారిపోతుంది. రంగు వేయనిది ఆరు పెన్నీలు, రంగు వేసినది ఒక షిల్లింగు. 1810లో ఫుల్లర్ అనే లండన్ సంస్థ చిన్నారి ఫానీ కథను కాగితపు బొమ్మతో సహా అమ్మింది. కథ మారినకొద్దీ ఫానీ తలను కొత్త దుస్తుల బొమ్మలోకి మార్చుకుంటూ పోవాలి.

1843లో థేమ్స్ నది కింద సొరంగం తెరిచినప్పుడు, దాని జ్ఞాపకంగా మడతలు పెట్టిన కాగితపు బొమ్మలు అమ్మారు. అకార్డియన్ లాగా సాగదీసి, ముందున్న రంధ్రంలోంచి చూస్తే సొరంగం లోపలిదాకా కనిపిస్తుంది. మన తిరునాళ్ళలో కంటికి ఆనించుకుని చూసిన బయస్కోపు పెట్టె గుర్తొస్తోందా? దానికి ఇవి దూరపు చుట్టాలే. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. వాపింగ్, రోథర్‌హైథ్ స్టేషన్ల మధ్య ఓవర్‌గ్రౌండ్ రైలు దానిలోంచే వెళుతుంది.

1850ల తర్వాత డీన్ అండ్ సన్ అనే లండన్ సంస్థ పిల్లల కోసమే ఇలాంటి పుస్తకాలు విరివిగా వేసింది. ఇక ఈ కళను అందరికన్నా పైకి తీసుకెళ్ళినవాడు జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన లోథార్ మెగ్గెన్‌డోర్ఫర్. 1847లో పుట్టి 1925లో పోయాడు. ఆయన పుస్తకంలో ఒక్క చీటీ లాగితే బొమ్మ కళ్ళు, చేతులు, కాళ్ళు వేరువేరుగా కదులుతాయి. రహస్యం అంతా రెండు పేజీల మధ్య ఉంటుంది. అక్కడ కాగితపు మీటలను సన్నని రాగి తీగ చుట్టలతో ఒకదానికొకటి బిగించేవాడు. 1887లో వచ్చిన ఆయన సర్కస్ పుస్తకాన్ని తెరిచి నిలబెడితే అర్ధచంద్రాకారంలో సర్కస్ గుడారం మొత్తం, ప్రేక్షకులతో సహా, లేచి నిలబడుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ జర్మన్ వైభవం ముగిసింది. 1929లో లండన్‌లో డైలీ ఎక్స్‌ప్రెస్ పిల్లల వార్షిక సంచికలో లూయిస్ జిరో, పేజీ తెరవగానే వాటంతట అవే లేచే బొమ్మలు తెచ్చాడు. తర్వాత బుకానో కథలు అనే పేరుతో ఏళ్ళ తరబడి అలాంటి పుస్తకాలు వేశాడు. ఇప్పుడు మనమంతా వాడే 'పాప్-అప్' అనే మాట 1932లో న్యూయార్క్‌లోని బ్లూ రిబ్బన్ అనే సంస్థ తన పుస్తకాలకు పెట్టుకున్నది. ఆ తర్వాత ప్రేగ్ నగరంలో వొయ్‌టెక్ కుబాష్టా, అమెరికాలో 1960ల నుంచి వాల్డో హంట్ ఈ పుస్తకాలకు మళ్ళీ ప్రాణం పోశారు.

ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. యంత్రాలు ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో కూడా పాప్-అప్ పుస్తకంలో ముక్కలు మడతపెట్టేది, దూర్చేది, జిగురు రాసి అంటించేది ఎక్కువగా మనుషుల చేతులే. దుకాణంలో మెరుస్తూ కనిపించే ప్రతి పాప్-అప్ పుస్తకమూ ఎవరో ఒకరి చేతిపనే.

శరణార్థి పిల్లవాడి దయ్యాల ఇల్లు

ఈ చరిత్రలో మనలాంటి వలస కుటుంబాల వాళ్ళు తప్పక తెలుసుకోవలసిన పేరు యాన్ పియెన్‌కోవ్‌స్కీ. 1936లో వార్సాలో పుట్టాడు. యుద్ధం వల్ల కుటుంబం ఊళ్ళు, దేశాలు మారుతూ 1946లో ఇంగ్లండు చేరింది. అప్పటికి అతనికి పదేళ్ళు. ఇంగ్లీషు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. పోలండు పల్లెల్లో కాగితాన్ని కత్తెరతో కత్తిరించి పువ్వులు, కోళ్ళు, చెట్లు చేసే పాత కళ ఒకటుంది. ఆ కత్తిరింపుల అందం, నల్లని నీడల్లాంటి బొమ్మలు ఆయన ఇంగ్లీషు పుస్తకాల్లో ఆసాంతం కనిపిస్తాయి.

1979లో ఆయన చేసిన 'హాంటెడ్ హౌస్' అనే దయ్యాల ఇంటి పుస్తకం పాప్-అప్ పుస్తకాలకు కొత్త రోజులు తెచ్చింది. చివర్లో ఒక చెక్కపెట్టెను లోపలినుంచి ఎవరో రంపంతో కోస్తున్నట్టు బొమ్మ ఉంటుంది. పేజీ తెరుస్తుంటే కాగితం కాగితానికి రాసుకుని రంపం చప్పుడు నిజంగానే వస్తుంది! ఆ పుస్తకానికి బ్రిటన్‌లో పిల్లల పుస్తకాల బొమ్మలకిచ్చే పెద్ద బహుమతి, కేట్ గ్రీన్‌అవే పతకం వచ్చింది. 2022లో ఆయన కన్నుమూసేనాటికి, ఆయన పుస్తకాలు చదివి పెరిగిన పిల్లలు తమ పిల్లలకు కూడా అవే చదివి వినిపిస్తున్నారు.

తన ఊరి కత్తెరపనిని వదిలేసి ఇక్కడివాళ్ళలాగా బొమ్మలు వేసి ఉంటే ఆయన్ను ఎవరు గుర్తుపెట్టుకునేవారు? సొంత చోటునుంచి తెచ్చుకున్నది అటక మీద పెట్టకుండా చేతిలో పట్టుకుని వాడాడు. దానివల్ల ఇక్కడి పిల్లలకే లాభం కలిగింది.

ఆ తర్వాతి ఏడాది, 1980లో, లండన్‌వాడైన ఎరిక్ హిల్ కుక్కపిల్ల స్పాట్ పుస్తకం వచ్చింది. తన చిన్న కొడుకు, రెక్క ఎత్తి చూసే ఒక ప్రకటన కాగితంతో ఆడుకోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. ఒక్కో తలుపు ఎత్తి కుక్కపిల్ల కోసం వెతకడమే కథ. మన పిల్లల్లో దీన్ని చూడనివాళ్ళు అరుదు.

మరి మన దగ్గర?

ఇంత చదివాక మా పాప ప్రశ్న దగ్గరికి వచ్చాం. మన చిన్నప్పటి పుస్తకాలకు తలుపులు లేవన్నమాట నిజమే. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన చందమామ బొమ్మలు ఎంత గొప్పవైనా పేజీ మీదే ఉండేవి. విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలు రంగుల్లో మురిపించేవి. అయితే ఒక్కో కాపీని చేత్తో మడిచి అంటించాల్సిన పుస్తకాన్ని, మన ఇళ్ళలో పిల్లల చదువుకు పెట్టగలిగిన ఖర్చులో అమ్మడం అయ్యే పని కాదు. అది కళ లేక కాదు, డబ్బు లేక అని మాకు తోచింది.

ఎందుకంటే కదిలే బొమ్మలకు మన దగ్గర ఏనాడూ కరువు లేదు. అవి అట్టల మధ్య కాక వీధిలో ఉండేవి, అంతే తేడా. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల గురించి చెప్పాడు. అంటే అక్కడ సెయింట్ ఆల్బన్స్‌లో సన్యాసి చక్రం తిప్పిన కాలానికి కాస్త అటూఇటూగా ఇక్కడ తెర వెనక బొమ్మలు ఆడుతూనే ఉన్నాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట గ్రామంలో ఇప్పటికీ మేకతోలును పలచగా, వెలుగు పారేటట్టు శుభ్రంచేసి, రంగులు వేసి, చిల్లులు పొడిచి బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తల, భుజం, మోచెయ్యి, నడుము వేరువేరు ముక్కలుగా కోసి, దారపు ముడులతో కీళ్ళు కడతారు. మెగ్గెన్‌డోర్ఫర్ రాగి తీగతో చేసిన పని, మనవాళ్ళు దారంతో చేశారు.

తెలంగాణలో సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద గీసే పటాలు ఇంకో దారి. చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి పూసి గట్టిపరిచిన గుడ్డ మీద, ఎర్రని నేపథ్యంలో కథంతా వరసగా గీస్తారు. పటం పదుల అడుగుల పొడవు ఉండేది. కథ చెప్పేవాళ్ళు పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో బొమ్మను చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేల్ పురాణం, ఇలా ఎవరి కథ వారిది. తర్వాత ఏముందో చుట్టలో దాగి ఉంటుంది. తలుపు వెనక కుక్కపిల్ల దాగి ఉన్నట్టే!

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన మాటల్లోనే ఉంది. మనం పొడుపుకథ 'పొడుస్తాం', జవాబు చెప్పమనడానికి 'విప్పు' అంటాం. మూట విప్పినట్టు, మడత విప్పినట్టు. పైన ప్రశ్న, రెక్క ఎత్తితే కింద జవాబు. ఇంతకన్నా మంచి తలుపుల పుస్తకం ఏముంటుంది?

అక్షరాలకు కీళ్ళు కట్టాం

ఈ మాట తట్టాక తరగతిలో పని మొదలైంది. మందమైన కార్డు కాగితం, కత్తెరలు, జిగురు, ఇత్తడి పేపర్ ఫాస్టెనర్లు తెచ్చాం. మొదట చేసింది గుణింతం చక్రం. కింది చక్రం అంచున క నుంచి కః దాకా రాయించాం. పై చక్రానికి చిన్న కిటికీ కోసి, రెండిటినీ మధ్యలో ఫాస్టెనరుతో బిగించాం. తిప్పుతుంటే కిటికీలో ఒక్కో అక్షరం వస్తుంది. రామన్ లుల్ చక్రాన్ని గుర్తుంచుకోమన్నది ఇందుకే!

చేస్తూ పోతే మాకే ఒక సంగతి కొత్తగా కనిపించింది. మన లిపి కదిలే పుస్తకం కోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. 'దీర్ఘం లాగు' అంటాం కదా! నిజంగానే లాగించాం. 'పడు' అని రాసి, పక్కన జారిపడుతున్న పిల్లవాడి బొమ్మ. చీటీ లాగితే దీర్ఘం బయటికొచ్చి 'పాడు' అవుతుంది, పిల్లవాడు లేచి పాట అందుకుంటాడు. గుడి పైన ఉంటుంది కాబట్టి రెక్క పైనుంచి. 'పలక' మీద రెక్క దించితే 'పిలక' అవుతుంది. దీనికి తరగతి తరగతంతా పది నిమిషాలు నవ్వింది. కొమ్ముకు పక్కనుంచి తలుపు. 'గడి' తీస్తే 'గుడి'. ఒత్తు కింద ఉంటుంది కాబట్టి కింది మడత విప్పాలి. 'అక' కింద మడత విప్పితే 'అక్క', 'అత' కింద విప్పితే 'అత్త'. నెలల తరబడి నోటితో చెప్పినా ఒత్తు ఎందుకని అడిగిన పిల్లలు, మడత విప్పగానే అక్క ఎదురైతే మళ్ళీ అడగలేదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. తెలుగు నేర్చుకుంటే మన పిల్లలకు ఇక్కడ పరీక్ష ఏదీ లేదు. జి.సి.ఎస్.ఇ.లో గుజరాతీ, పంజాబీ, ఉర్దూ, బెంగాలీ ఉన్నాయి, తెలుగు లేదు. అయిదో తరగతికి వచ్చేసరికి పిల్లలు ఒక్కొక్కరే ఎలెవెన్ ప్లస్ ట్యూషన్లకు మళ్ళిపోతారు. శనివారాలు వెర్బల్ రీజనింగుకే సరిపోవు, తెలుగుకు ఎక్కడివి? తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. మేమూ ఆ గుండంలోంచి వచ్చినవాళ్ళమే. మార్కులు, సర్టిఫికెట్లు మనం ఇవ్వలేం కాబట్టి మన చేతిలో మిగిలినవి రెండే. ఒకటి సంతోషం, రెండు మనుషులు.

సంతోషం సంగతి ముందు చెబుతాం. రెండేళ్ళ క్రితం మానేసిన ఒక అబ్బాయి, ఇప్పుడు సెకండరీ స్కూల్లో ఉన్నాడు, తన చెల్లెల్ని దింపడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మేం అంటించిన రథం పేజీ మూసినప్పుడల్లా అంచు దాటి బయటికి పొడుచుకొస్తోంది. కాసేపు చూసి, "మడత దగ్గర యాంగిల్ తగ్గించాలి ఆంటీ" అన్నాడు. రూలరు, ప్రొట్రాక్టరు అడిగి తీసుకుని కూర్చున్నాడు. మరుసటి శనివారం ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. రథం కింద 'రథం' అని రాయాల్సి వచ్చినప్పుడు 'థ' మరిచిపోయానని చెల్లెల్ని అడిగి రాయించుకున్నాడు. ఆ చెల్లెలి ముఖం ఆ రోజు చూడాల్సింది.

అవ్వ చదువు

ఇక మనుషుల సంగతి. ఆ ఏడాది మా పాప అవ్వ అనంతపురం నుంచి ఆరు నెలలుండటానికి వచ్చింది. మొదటి నెలంతా ఇంట్లో నిశ్శబ్దమే. అవ్వ తెలుగులో అడిగితే పాప ఇంగ్లీషులో ఒక్క ముక్క జవాబు చెప్పి గదిలోకి పోయేది. అవ్వ కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సులు చూసేది. ఒకరంటే ఒకరికి ప్రేమ లేక కాదు, ఆ ప్రేమ నడిచే దారి లేక.

ఒక సాయంత్రం పాప బడి కోసం హనుమంతుణ్ణి చేస్తోంది. చేతికి ఫాస్టెనరు గుచ్చితే కాగితం చిరిగిపోతోంది. అవ్వ వచ్చి చూసి, "ఇది తోలుబొమ్మ మాదిరే ఉండాది గదమ్మీ. దానికి ఇనుమెందుకు, దారం తే" అంది. సూదిలో దారం ఎక్కించి, రెండు ముక్కలు కలిపి గుచ్చి, ఇటో ముడి, అటో ముడి వేసింది. చెయ్యి గిర్రున తిరిగింది. ఆ రాత్రి గోడ మీద ఫోను లైటు వేసి, అవ్వ తన చిన్నప్పుడు చూసిన బొమ్మలాట అంతా చెప్పింది. ఆముదపు దీపాలు, తెరగా కట్టిన పంచె, యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద చెక్కలు టపటపా తొక్కడం, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించడం. పాప, "జుట్టుపోలిగాడు అంటే?" అని అడిగింది. తెలుగులోనే అడిగింది. అలా అడిగానని దానికి తెలియదు కూడా.

తర్వాత మరో సంగతి బయటపడింది. అవ్వ మూడో తరగతితో చదువు మానేసింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. పాప కూడా సరిగ్గా అంతే. మేం చదివి వినిపిస్తే పాపకు వేగం అందదు, విసుగు. అవ్వతో అయితే ఇద్దరి వేగమూ ఒక్కటే. ఒకరు 'ప' అంటే ఇంకొకరు దీర్ఘం లాగేవారు. ఇంట్లో పాపకు సరిజోడు అయిన విద్యార్థిని దొరికింది!

ఆరు నెలలయ్యాక అవ్వ వెళ్ళిపోయింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో మళ్ళీ రాలేనంటోంది. పాప ఆమె కోసం ఎనిమిది పేజీల తలుపుల పుస్తకం చేసి పోస్టులో పంపింది. అందులో ఇల్ఫర్డ్ ఉంది. స్టేషను, వాలెంటైన్స్ పార్కులో బాతులు, మా కిటికీ, కిటికీ బయట బస్సు. ప్రతి తలుపు వెనకా ఒక్కో తెలుగు మాట. దారిలో రెండు తలుపులు నలిగాయట. అవ్వ వాటిని మెతుకులతో అంటించింది. ఆదివారం ఫోనులో రోజుకొక్క తలుపే తీసి చదువుతుంది. ఒకేసారి తీస్తే అయిపోతుందని ఆమె లెక్క. ఒకనాడు ఒక తలుపు తీసి చాలాసేపు మాట్లాడలేదు. లోపల 'అవ్వ కుర్చీ' అని ఉంది. కిటికీ దగ్గర ఖాళీ కుర్చీ బొమ్మ.

మీ ఇంట్లోనూ ఒక పేజీ

వచ్చే ఏడాది మన బడి పిల్లలందరూ కలిసి ఒక పెద్ద కదిలే పుస్తకం చేయాలని మా కోరిక. ఒక్కో కుటుంబం ఒక్కో పేజీ. కథ ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు. ఇండియాలో ఉన్న తాతయ్యకో, నానమ్మకో, అమ్మమ్మకో ఫోను చేసి, వాళ్ళ చిన్నప్పటి ఊళ్ళో ఒక ఇల్లు, ఒక చెట్టు, ఒక పండగ గురించి చెప్పమనండి. పిల్లలే అడగాలి, తెలుగులోనే అడగాలి. వాళ్ళు చెప్పినదాంట్లో ఏది తలుపు వెనక దాచాలో, ఏది లేచి నిలబడాలో పిల్లలే నిర్ణయిస్తారు.

చేయడం కష్టమేమీ కాదు. కార్డు కాగితాన్ని మధ్యకు మడవండి. మడత మీద అంగుళం ఎడంగా రెండు సమానమైన గాట్లు పెట్టండి. ఆ మధ్య ముక్కను లోపలికి తోసి కార్డు తెరిస్తే చిన్న అరుగు లేస్తుంది. దాని మీద మీ తాతయ్య బొమ్మ అంటించండి. మీ మొదటి పాప్-అప్ తయారు! చేతులు కదలాలంటే ఫాస్టెనరు వద్దు, దారం చాలు. ఇటో ముడి, అటో ముడి.

ఈ సెలవుల్లో వీలుంటే పిల్లలను బెత్నల్ గ్రీన్‌లోని యంగ్ వి అండ్ ఎ మ్యూజియానికి తీసుకెళ్ళండి. ఇదివరకు మ్యూజియం ఆఫ్ చైల్డ్‌హుడ్ అనే పేరుతో ఉండి, 2023 జూలైలో కొత్త రూపుతో తెరుచుకుంది. ప్రవేశం ఉచితం. ఇల్ఫర్డ్ నుంచి రైల్లో స్ట్రాట్‌ఫర్డ్ వెళ్ళి, సెంట్రల్ లైన్ ఎక్కితే రెండో స్టేషనే. పాత కాలపు బొమ్మలు, ఆటవస్తువులు చూసి వచ్చాక పిల్లల చేతులు ఊరికే ఉండవు. అప్పుడు కార్డు, కత్తెర అందుబాటులో ఉంచండి.

పెద్ద పిల్లలు ఏమీ రాదని వెనుకాడవద్దు. కోణాలు కొలవడానికి మనుషులు కావాలి. అక్షరాలు మరిచిపోతే చెప్పడానికి చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఉన్నారు. జిగురు, కార్డు బడి తరఫున మేం తెస్తాం. సూది దారం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి.